నిరోధక బ్యాక్టీరియాపై యాంటీబయాటిక్‌లకు వృక్షజన్య రసాయనాల తోడు: ఉత్తరాంధ్ర పంటల దృష్టితో ఒక పరిశీలన

విజయనగరానికి సమీపాన, చంపావతి ఒడ్డున ఉన్న నెల్లిమర్ల పేరు చెప్పగానే జూట్ మిల్లు గుర్తుకు వస్తుంది. వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి కూడా ఈ ఊరిలోనే ఉన్నాయి. ఆసుపత్రి దాటితే వరి మళ్ళు, పాడి పశువులు, పెరటి కోళ్ళు కనిపిస్తాయి. చంపావతి ఇక్కడి నుంచి డెంకాడ మీదుగా సాగి కోనాడ వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ తీర మండలాలలో రొయ్యల చెరువులు ఉన్నాయి. మనిషికి, పశువుకు, కోడికి వాడే యాంటీబయాటిక్‌లు చాలావరకు ఒకే కుటుంబాలకు చెందినవి. మందుకు లొంగని బ్యాక్టీరియా మురుగునీటి ద్వారా, పేడ ఎరువు ద్వారా, మనుషుల చేతుల ద్వారా ఒక చోటి నుంచి మరొక చోటికి చేరగలదు. కనుక ఔషధ నిరోధకత గురించి వైద్యునికి ఎంత తెలియాలో, నెల్లిమర్ల వంటి ప్రాంతంలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తకూ దాదాపు అంతే తెలియవలసి ఉంది.

నిరోధక బ్యాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది మరణించారని 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అంచనా తెలియజేస్తున్నది. కొత్త యాంటీబయాటిక్‌ల రాక మందగించిన ఈ కాలంలో, ఉన్న మందులకే తిరిగి పదును పెట్టే మార్గాలపై పరిశోధకులు దృష్టి సారిస్తున్నారు. మొక్కల నుంచి లభించే రసాయనాలను యాంటీబయాటిక్‌తో జతచేయడం వాటిలో ఒకటి. ఈ విషయంపై ఏటా వందల వ్యాసాలు వెలువడుతున్నాయి. వాటిలో గట్టివి ఉన్నాయి, తేలికపాటివి అంతకంటె ఎక్కువ ఉన్నాయి. రెండింటినీ వేరుచేసి చూడగలగడం విద్యార్థులకు అవసరం.

బంగారు రంగు మందు, కోళ్ళ దాణా

వ్యవసాయానికి, యాంటీబయాటిక్‌లకు గల బంధంలో తెలుగువారికి సన్నిహితమైన అధ్యాయం ఒకటి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన కాలంలోనే, అక్కడ పనిచేస్తున్న వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. ఆ మందును ఉత్పత్తి చేసే స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియెన్స్ అనే సూక్ష్మజీవి దొరికింది మిస్సోరీ విశ్వవిద్యాలయపు వ్యవసాయ పరిశోధన క్షేత్రమైన సాన్‌బర్న్ మడి మట్టిలో. ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు.

ఆ తరువాత అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ అనే శాస్త్రవేత్తలు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పులిసిన ముద్దను కోడిపిల్లల దాణాలో కలిపి చూశారు. పిల్లలు ఆశించినదానికంటె వేగంగా పెరిగాయి. 1951 నాటికి అమెరికాలో పశువైద్యుని చీటీ లేకుండానే దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడానికి అనుమతి లభించింది. రోగాన్ని నయంచేయడానికి చాలని, బ్యాక్టీరియాకు మాత్రం తర్ఫీదు ఇవ్వడానికి సరిపోయే స్వల్ప మోతాదులు ఆ విధంగా దశాబ్దాలపాటు కోట్లాది కోళ్ళకు అందాయి. యూరోపియన్ యూనియన్ పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌ల వాడకాన్ని 2006లో పూర్తిగా నిషేధించింది. మనుషుల వైద్యంలో చివరి అస్త్రంగా దాచుకొన్న కోలిస్టిన్‌కు నిరోధకతనిచ్చే, ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి సులభంగా పాకే ఎంసీఆర్-1 జన్యువును 2015లో చైనాలో గుర్తించారు. పందులలోను, మాంసంలోను, రోగులలోను అది కనిపించింది. భారత ప్రభుత్వం ఆహారోత్పత్తికై పెంచే జంతువులలో కోలిస్టిన్ వాడకాన్ని 2019 జూలైలో నిషేధించింది.

బ్యాక్టీరియా రక్షణలు, మొక్కల ఎత్తులు

బ్యాక్టీరియా మందు నుంచి తప్పించుకొనే దారులు ప్రధానంగా నాలుగు: మందును ఎంజైముతో ఛేదించడం, మందు పట్టుకొనే లక్ష్యాన్ని మార్చివేయడం, మందును లోనికి రానీయకపోవడం, వచ్చిన మందును పంపులతో బయటికి తోడివేయడం. చివరి దారి విషయంలోనే మొక్కల రసాయనాల నుంచి ఎక్కువ ఆశ కనిపిస్తున్నది.

దీనికి చక్కని ఉదాహరణ బెర్బెరిస్ పొదలు. మన దుకాణాలలో మానుపసుపుగా దొరికే పసుపుపచ్చని కొమ్మల గుణానికి కారణమైన బెర్బెరిన్ వీటిలో పుష్కలంగా ఉంటుంది. అయితే పరీక్షనాళికలో శుద్ధ బెర్బెరిన్ స్టాఫిలోకోకస్ ఆరియస్‌ను పెద్దగా బాధించదు. ఆ బ్యాక్టీరియా తన పొరలోని నార్-ఏ అనే పంపుతో బెర్బెరిన్‌ను ఎప్పటికప్పుడు బయటికి నెట్టివేస్తుంది. మరి మొక్క ఈ నిరుపయోగమైన ఆయుధాన్ని ఎందుకు తయారు చేసుకొంటున్నది? అమెరికాలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ బృందం 2000లో ఈ ప్రశ్నకు సమాధానం కనుగొన్నది. అదే మొక్కలో 5'-మెథాక్సీహైడ్నోకార్పిన్ అనే మరొక పదార్థం ఉన్నది. దానికి స్వయంగా బ్యాక్టీరియాను చంపే శక్తి లేదు. అది చేసే పని నార్-ఏ పంపును అడ్డుకోవడం. పంపు ఆగితే బెర్బెరిన్ కణంలో పోగుపడి బ్యాక్టీరియాను అణచివేస్తుంది. మందు, దాని కాపలాదారు రెండూ ఒకే ఆకులో ఉన్నాయన్నమాట.

ఈ ఫలితం పరిశోధన పద్ధతినే ప్రశ్నించింది. మొక్క కషాయాన్ని భాగాలుగా విడదీసి, ప్రతి భాగాన్ని బ్యాక్టీరియాపై పరీక్షించి, చంపినదాన్ని ఉంచి చంపనిదాన్ని పారబోయడం ప్రయోగశాలల ఆనవాయితీ. ఆ పద్ధతిలో 5'-మెథాక్సీహైడ్నోకార్పిన్ మొదటి రోజే తొట్టిలోకి పోతుంది. యాంటీబయాటిక్‌కు తోడుగా ఉండగల పదార్థాలను వెదకదలచినవారు, ప్రతి భాగాన్ని తక్కువ మోతాదు యాంటీబయాటిక్ సమక్షంలో కూడా పరీక్షించాలి.

నార్-ఏ పంపును అడ్డుకొనే మరొక పదార్థం సర్పగంధిలోని రిసర్పిన్. ప్రయోగశాలలో అది బాగా పనిచేస్తుంది, కాని అందుకు కావలసిన మోతాదు మనిషికి హానికరం. మిగిలిన ఎత్తులను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. వాములోని థైమాల్ బ్యాక్టీరియా పొరను వదులుచేసి మందుకు దారి ఇస్తుంది. తేయాకులోని ఎపిగాలోకాటెచిన్ గాలేట్ కణకవచ నిర్మాణాన్ని దెబ్బతీసి, మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకోకస్‌పై పెన్సిలిన్ జాతి మందులకు తోడ్పడుతుందని జపాన్ పరిశోధకులు 2001లో నివేదించారు.

జీడి పెంకు, మోడి

ఉత్తరాంధ్ర విషయానికి వస్తే, మొదట చెప్పుకోవలసినది జీడిమామిడి. పలాస జీడిపప్పు పరిశ్రమలలో పప్పు తీసిన తరువాత మిగిలే పెంకు ఎక్కువగా పొయ్యిలోకి, బాయిలర్లలోకి పోతుంది. పెంకులోని నూనె చేతికి అంటితే పొక్కుతుందని అక్కడి శ్రామికులకు అనుభవపూర్వకంగా తెలుసు. చర్మాన్ని పొక్కించే ఆ నూనెలో అధిక భాగం అనకార్డిక్ ఆమ్లాలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మురోయి, కుబో అనే శాస్త్రవేత్తలు ఈ ఆమ్లాన్ని మెథిసిలిన్‌తో కలిపి, మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకోకస్ ఆరియస్‌పై ప్రయోగించి, రెండింటి చర్య పరస్పరం బలపడుతున్నదని 1996లో ప్రకటించారు.

ఇక్కడ పంటకోత అనంతర సాంకేతికతకు సంబంధించిన ఒక ముఖ్యాంశం ఉన్నది. అనకార్డిక్ ఆమ్లం వేడికి నిలవదు. అధిక ఉష్ణోగ్రతలో కార్బన్ డై ఆక్సైడ్‌ను కోల్పోయి కార్డనాల్‌గా మారుతుంది. గింజలను డ్రమ్ములో కాల్చే పాత పద్ధతిలో వెలువడే నూనెలో ఈ ఆమ్లం చాలావరకు నశిస్తుంది. ఆవిరిపై ఉడికించి పప్పు తీసే పద్ధతిలో పెంకులో అది మెరుగ్గా మిగులుతుంది. కాబట్టి "జీడి పెంకు సారం" అని మాత్రమే రాసి, పెంకు ఏ పద్ధతి నుంచి వచ్చినదో తెలుపని పరిశోధన ఫలితాన్ని మరొకరు పునరావృతం చేయలేరు. బాపట్ల జీడిమామిడి పరిశోధనా కేంద్రం విడుదల చేసిన బి.పి.పి.-8 వంటి రకాలలో పెంకు నూనె కూర్పును రకాలవారీగా, శుద్ధి పద్ధతులవారీగా పోల్చి చూడడం ఒక స్నాతకోత్తర విద్యార్థి చేపట్టదగిన పని.

రెండవది పిప్పలి. విశాఖ మన్యంలో పండే పిప్పలి వేరు మోడి పేరుతో అంగళ్ళలో అమ్ముడవుతుంది. మన్యం కాఫీ తోటలలో సిల్వర్ ఓక్ చెట్లపైకి మిరియాల తీగలు పాకించడం కూడా స్థిరపడిన సాగు విధానం. పిప్పలికి, మిరియానికి ఘాటునిచ్చేది ఒకే పదార్థం, పిపెరిన్. ఇది స్టాఫిలోకోకస్‌పై సిప్రోఫ్లాక్సాసిన్ చర్యను పెంచుతుందని, కణం నుంచి మందు బయటికి పోకుండా ఆపడం ఇందుకు కారణమని జమ్ములోని ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2006లో చూపారు.

పసుపు పేరు ఇంకా రాలేదేమని పాఠకులకు అనిపించవచ్చు. పసుపులోని కర్క్యుమిన్ గురించి వెలువడిన సాహిత్యం అపారం. అయితే దాని రంగు, మెరుపు అనేక ప్రయోగశాల పరీక్షలలో తప్పుడు ఫలితాలకు దారితీస్తాయి, నోటి ద్వారా తీసుకొన్నప్పుడు రక్తంలోకి చేరేది అత్యల్పం. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి. కర్క్యుమిన్ సమక్షంలో సాల్మొనెల్లాపై సిప్రోఫ్లాక్సాసిన్ శక్తి తగ్గిపోతున్నదని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2013లో నివేదించారు. సిప్రోఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియాను చంపే క్రమంలో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులను కర్క్యుమిన్ అణచివేస్తుంది. మనకు మేలుచేసే ఆక్సీకరణ నిరోధక గుణమే ఇక్కడ శత్రువుకు కవచమైంది. మూలికకు, మందుకు పొత్తు కలపడం ఎప్పుడూ లాభమేనన్న నమ్మకం సరికాదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

తోడ్పాటును కొలవడం

విద్యార్థుల పరిశోధన పత్రాలలో బలహీనత ఎక్కువగా కనిపించేది ఈ ఘట్టంలోనే. అగార్ పళ్ళెంలో యాంటీబయాటిక్ బిళ్ళపై కషాయం చుక్క వేసి, నిరోధక వలయం 18 మి.మీ. నుంచి 21 మి.మీ.కు పెరిగినదని చూపి, "సహక్రియ నిరూపితమైనది" అని రాయడం పరిపాటి అయింది. వలయం పెరగడానికి కషాయం స్వయంగా చూపిన కొద్దిపాటి ప్రభావం కారణం కావచ్చు, కషాయాన్ని కరిగించడానికి వాడిన ద్రావణి కూడా కారణం కావచ్చు. కేవలం ద్రావణిని వేసిన పళ్ళెం పక్కన లేకపోతే ఆ వలయానికి విలువ లేదు.

సరైన పద్ధతి చదరంగపు గడుల పరీక్ష. 96 గుంటల పళ్ళెంలో అడ్డంగా యాంటీబయాటిక్ గాఢతను, నిలువుగా వృక్ష పదార్థపు గాఢతను సగం చొప్పున తగ్గిస్తూ పోయి, ప్రతి గుంటలో ఒకే సంఖ్యలో బ్యాక్టీరియాను వేస్తారు. పెరుగుదలను ఆపగలిగిన అతి తక్కువ గాఢతను కనిష్ఠ నిరోధక గాఢత అంటారు. జంటలో ప్రతి పదార్థానికి కావలసిన గాఢతను, అది ఒంటరిగా ఉన్నప్పటి కనిష్ఠ నిరోధక గాఢతతో భాగించి, వచ్చిన రెండు భిన్నాలను కూడితే భిన్న నిరోధక సూచిక లభిస్తుంది. ఆ మొత్తం 0.5 లేదా అంతకంటె తక్కువైతే సహక్రియ, 4 కంటె ఎక్కువైతే ప్రతిక్రియ. ఈ రెండింటి నడుమ ఉంటే చెప్పుకోదగిన పరస్పర చర్య లేదని అర్థం.

లెక్కను ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక స్టాఫిలోకోకస్ రకానికి సిప్రోఫ్లాక్సాసిన్ కనిష్ఠ నిరోధక గాఢత మి.లీ.కు 16 మైక్రోగ్రాములు, పిపెరిన్‌ది 200 మైక్రోగ్రాములు అనుకొందాం. రెండింటినీ కలిపినపుడు 8 మైక్రోగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్, 50 మైక్రోగ్రాముల పిపెరిన్ చాలినవనుకొంటే సూచిక 0.5, 0.25 కలిసి 0.75 అవుతుంది. మందు సగానికి తగ్గినా ఇది సహక్రియ కాదు. 4 మైక్రోగ్రాముల మందు, 25 మైక్రోగ్రాముల పిపెరిన్ చాలితే 0.25, 0.125 కలిసి 0.375. ఇది సహక్రియే.

అయినా పని పూర్తికాలేదు. ప్రయోగశాలలు అనుసరించే అమెరికా ప్రమాణాల ప్రకారం స్టాఫిలోకోకస్ ఆరియస్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ గాఢత 1 లేదా అంతకంటె తక్కువైతేనే బ్యాక్టీరియా లొంగినట్లు, 4 లేదా అంతకంటె ఎక్కువైతే నిరోధక శక్తి ఉన్నట్లు. అంటే పై ఉదాహరణలో 16 నుంచి 4కు దిగివచ్చిన బ్యాక్టీరియా, సూచిక ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, రోగి దృష్టిలో ఇంకా నిరోధకమే. సూచికతోపాటు ఈ హద్దు దాటినదా లేదా అన్నది కూడా పత్రంలో రాయాలి. 5'-మెథాక్సీహైడ్నోకార్పిన్ వలె స్వయంగా చంపని పదార్థాలకు అసలు ఈ సూచికే కుదరదు. అటువంటప్పుడు స్థిరమైన గాఢతలో దాన్ని చేర్చి, మందు కనిష్ఠ నిరోధక గాఢత ఎన్ని రెట్లు తగ్గినదో చెప్పడం సమంజసం. 24 గంటల కాలపరిమితి పరీక్షలో జంట, దానిలో బలమైన ఒంటరి పదార్థంకంటె బ్యాక్టీరియా సంఖ్యను కనీసం 100 రెట్లు తగ్గిస్తే ఆ నిర్ధారణకు బలం చేకూరుతుంది.

వీటన్నింటికీ మించిన ప్రశ్న: ఆ గాఢత శరీరంలో సాధ్యమా? మిరియాల కషాయం తాగినా, పిప్పలి పొడి తినిపించినా మి.లీ. రక్తంలో 25 మైక్రోగ్రాముల పిపెరిన్ నిలవదు. వృక్ష పదార్థాలలో చాలావాటి కథ ఇదే. అందువల్ల గాయాలు, చర్మం, పాడి పశువుల చన్నుల ముంపు ద్రావణాలు వంటి పైపూత వాడకంలోనే ఈ జంటలకు ముందుగా అవకాశం ఉన్నది. రక్తం ద్వారా పనిచేయవలసిన చోట ఆశ తక్కువ. గ్రామ్ నెగటివ్ తరగతికి చెందిన ఈ. కోలై, క్లెబ్సియెల్లా వంటి వాటికి అదనపు బాహ్య పొర, మరింత సమర్థమైన పంపులు ఉండడంతో వాటిపై మొక్కల పదార్థాలు ఇంకా బలహీనం. ఆసుపత్రులను నేడు ఎక్కువగా కలవరపెడుతున్నవి అవే కావడం దురదృష్టం.

శరీరంపై పనిచేసే తోడు, పాలలో మిగిలే మందు

పిపెరిన్ ఇప్పటికే ఒక మందు బిళ్ళలోకి చేరింది. క్షయ చికిత్సలో వాడే రిఫాంపిసిన్‌ను సాధారణ మోతాదైన 450 మిల్లీగ్రాములకు బదులు 200 మిల్లీగ్రాములకు తగ్గించి, 300 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్, 10 మిల్లీగ్రాముల పిపెరిన్ కలిపిన రిసోరిన్‌ను జమ్ము ప్రయోగశాల పరిశోధన ఆధారంగా కాడిలా సంస్థ భారతదేశంలో విడుదల చేసింది. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిసిన త్రికటుకాన్ని ఇతర ఔషధాలకు తోడుగా ఇచ్చే ఆయుర్వేద సంప్రదాయం ఈ పరిశోధనకు ప్రేరణ. ఇక్కడ పిపెరిన్‌కు అప్పగించిన ప్రధానమైన పని బ్యాక్టీరియాను బలహీనపరచడం కాదు, రోగి శరీరంలో మందు ఎక్కువగా గ్రహింపబడి ఎక్కువసేపు నిలిచేలా చేయడం. పేగులోని పి-గ్లైకోప్రోటీన్ అనే పంపును, మందులను విరగ్గొట్టే సైటోక్రోమ్ ఎంజైములను పిపెరిన్ అడ్డుకొంటుంది.

పాడి, కోళ్ళ రంగాలలో పనిచేసేవారు గమనించవలసిన ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉన్నది. కోళ్ళకు పిప్పలి తినిపించి ఆక్సిటెట్రాసైక్లిన్ ఇచ్చినపుడు మందు శరీరంలో నిలిచే కాలం పెరిగినదని 2005లో వెలువడిన భారతీయ అధ్యయనం ఒకటి తెలిపింది. చికిత్స దృష్టితో ఇది మంచి వార్త. అవశేషాల దృష్టితో కాదు. మందు సీసాపై ముద్రించిన విరామ కాలం, అంటే చివరి మోతాదు తరువాత పాలు, గుడ్లు, మాంసం అమ్మకుండా ఆగవలసిన రోజుల సంఖ్య, ఆ మందును ఒంటరిగా ఇచ్చినపుడు లెక్కగట్టినది. పిప్పలి, మిరియాలు కలిసిన మూలికా మిశ్రమం తోడైతే ఆ లెక్క చెల్లుతుందన్న భరోసా లేదు. ఎగుమతి రొయ్యలలో నిషిద్ధ యాంటీబయాటిక్‌ల అవశేషాలు దొరికి సరకు తిరస్కరణకు గురైన చరిత్ర కోస్తా ఆంధ్రకు తెలియనిది కాదు.

రైతులు మూలికలను వాడడం కొత్త విషయం కాదు, ఆపవలసిన విషయమూ కాదు. పొదుగు వాపు తొలి దశలో కలబంద, పసుపు, సున్నం కలిపి నూరిన ముద్దను పైపూతగా వాడే పద్ధతిని జాతీయ పాడిపరిశ్రమ అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్నది. ఇది యాంటీబయాటిక్ అవసరాన్నే తగ్గించే ప్రయత్నం గనుక, ఈ వ్యాసంలో చర్చించిన జంట చికిత్సకు భిన్నమైనది. రెండింటినీ ఒకే గాటన కట్టి "మూలికలతో నిరోధకత పోతుంది" అని రైతు సదస్సులలో చెప్పడం తగదు. మందు చాలించి మూలిక పట్టడం, లేదా మూలిక ఉన్నదన్న ధీమాతో పశువైద్యుడు చెప్పిన మోతాదును సగం చేయడం వంటి అపార్థాలు అక్కడి నుంచే పుడతాయి. తక్కువ మోతాదు యాంటీబయాటిక్ ఏమి చేస్తుందో కోళ్ళ దాణా చరిత్ర ఇదివరకే చూపింది.

నోటిద్వారా ఇచ్చే టెట్రాసైక్లిన్‌తోపాటు సున్నం, ఖనిజ లవణ మిశ్రమం వంటి కాల్షియం ఎక్కువగల పదార్థాలు ఇస్తే మందు వాటితో బంధం ఏర్పరచుకొని పేగులోనే మిగిలిపోతుందన్నది కూడా క్షేత్రస్థాయిలో తరచు మరుగునపడే సంగతి.

విజయనగరం జిల్లాలో ఇందుకు కావలసిన వనరులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నెల్లిమర్లలో వైద్య కళాశాల, గరివిడిలో పశువైద్య కళాశాల, మన్యంలో పిప్పలి, మిరియాలు, పొరుగున పలాసలో జీడి పెంకు. రోగి నుంచి, పొదుగు వాపు సోకిన గేదె పాల నుంచి వేరుచేసిన స్టాఫిలోకోకస్ రకాలను ఒకే పళ్ళెంలో, ఒకే గాఢతల పట్టికతో, ఆవిరి పద్ధతిలో వచ్చిన పెంకు నూనెపై పోల్చి చూడడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఈలోగా పశుసంవర్ధక సహాయకులు చికిత్స చీటీలో యాంటీబయాటిక్ పేరు, మోతాదు, తేదీలతోపాటు రైతు అదే సమయంలో తినిపించిన లేదా పూసిన మూలికల పేర్లను కూడా నమోదు చేయించవచ్చు. పాల నమూనాలో అవశేషం కనిపించినపుడు, దానికి కారణం వెదకడం ఆ చీటీ నుంచే మొదలుపెట్టవలసి ఉంటుంది.